ఊపిరి తీసుకోని గాలి

అనగనగా, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు కాపలా కాసే ఒక చిన్న ఊళ్ళో వరాలు అని ఒక పిల్ల ఉండేది. దుప్పటి గడ్డం దాకా లాక్కో కన్నా, చెప్తాను.

ఆ ఊరి పేరు మడపాలెం. ఆ ఊళ్ళో వరి పండదు, చెరుకు పండదు, ఉప్పు పండుతుంది. ఉప్పు పండడమేమిటని అడుగుతావేమో. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఏటిలోకి ఉప్పునీళ్ళు ఎక్కుతాయి. ఆ నీళ్ళను కాలవలోకి తిప్పి, గట్లు కట్టిన మడుల్లోకి వదులుతారు. అప్పుడు ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, నీళ్ళు ఎగిరిపోతాయి. అడుగున తెల్లగా ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గీకి, మెరక మీద కుప్ప పోసి, వాన పడకుండా తాటాకు తడకలు కప్పుతారు. ఇక ఏడాదంతా ఆ కుప్పే వాళ్ళకు అన్నం.

వరాలు వాళ్ళ నాన్న దాలయ్య. అమ్మ అచ్చియ్యమ్మ. ఇంకా సరిగా నడక రాని తమ్ముడు సూరిగాడు. ఒక ఆవు, దాని దూడ. అదీ ఆ ఇల్లు.

వరాలు రెండో తరగతి చదివేది. బడి లేని రోజు నాన్న వెనకాలే మడుల్లోకి పోయేది. గట్ల మీద పరిగెత్తేది. గాలి వీస్తే కళ్ళు మూసుకుని, గౌను ఎగురుతుంటే నవ్వుకునేది. అంత ఇష్టం దానికి గాలంటే.

అలా ఉండగా ఒక ఏడాది, దీపావళి ఇంకా రాకముందే, సముద్రంలో తుఫాను పుట్టింది. ఊళ్ళోకి ఆటో వచ్చి మైకులో చెప్పింది. అందరూ ఇళ్ళు వదిలి తుఫాను మేడకి పోవాలని. ఊరి చివర దిబ్బ మీద లావుపాటి స్తంభాలెత్తి కట్టిన మేడ అది. మామూలు రోజుల్లో అందులో పెళ్ళిభోజనాలు పెట్టేవారు.

దాలయ్య ఉప్పు కుప్ప మీద ఉన్న తడకలన్నీ కప్పాడు, రాళ్ళు పెట్టాడు, తాళ్ళతో బిగించాడు. ఆ తర్వాత ఆవుని, దూడని పాకలో కట్టేశాడు. ఆ తర్వాత పెళ్ళాం పిల్లల్ని తీసుకుని మేడెక్కాడు.

మొదట వాన వచ్చింది. ఆ తర్వాత గాలి వచ్చింది. ఆ తర్వాత వానకీ గాలికీ తేడా తెలియకుండా పోయింది. గాలి ఉత్తరం దిక్కు నుంచి కొట్టింది. కిటికీ తలుపు ఒకటి ఊడి, అట్టముక్కలా ఎగిరిపోయింది. కొబ్బరిచెట్లు విరుగుతుంటే ఆ చప్పుడు మేడలోకి వినపడేది. వరాలు వాళ్ళమ్మ ఒళ్ళో సూరిగాడి పక్కన దూరి, చెవులు మూసుకుని కూర్చుంది.

మిట్టమధ్యాహ్నం వేళ గాలి ఆగిపోయింది. ఒక్క ఆకు కదల్లేదు. మబ్బులో చిన్న సందు పడి ఎండ కూడా కనపడింది. అప్పుడు అందరూ తుఫాను పోయిందన్నారు.

దాలయ్య లేచాడు. "ఆవుని కట్టీసి వచ్చీసినాను. పాకలోకి నీరొచ్చి ఉంటాది. ఇప్పీసి వస్తాను" అన్నాడు.

"ఇప్పుడెళ్ళొద్దు" అంది అచ్చియ్యమ్మ.

"ఇలా ఎళ్ళి అలా వచ్చేస్తాను" అన్నాడు దాలయ్య. వెళ్ళిపోయాడు.

కన్నా, తుఫాను కడుపులో నడిమధ్య అలాంటి చోటు ఒకటి ఉంటుంది. అక్కడ గాలి ఉండదు. అది దాటిపోగానే మళ్ళీ గాలి మొదలవుతుంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. ఆ సంగతి ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు కొందరికి తెలుసు. కానీ వాళ్ళు మర్చిపోయారు. తెలియనివాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

బయటికి వెళ్ళినవాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉండగా దక్షిణం గాలి వచ్చిపడింది. కొందరు పరిగెత్తి వచ్చేశారు. దాలయ్య రాలేదు.

అప్పుడు వరాలు కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. వాళ్ళమ్మ వెనక్కి లాగింది. మళ్ళీ పోయింది. మళ్ళీ లాగింది. ఆ తర్వాత వరాలు గోడకి ఆనుకుని కూర్చుని గాలి వినడం మొదలుపెట్టింది. ఆ గాలి ఆగకుండా అరిచింది. అందులో నాన్న గొంతేమైనా ఉందా అని వింది. లేదు. చీకటి పడబోయే దాకా అలాగే వింటూ కూర్చుంది.

గాలి తగ్గాక దాలయ్య మెట్లెక్కి వచ్చాడు. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఒళ్ళంతా బురద. పాక దగ్గర చెట్టు కొమ్మ భుజం మీద పడిందట. పాక్కుంటూ పోయి రోడ్డు కింద తూములో దూరాడట. అందులోకి గుండెల దాకా నీళ్ళొచ్చాయట. అయినా అక్కడే ఉండిపోయాడట.

అచ్చియ్యమ్మ దగ్గరికి వచ్చింది. చీర చెంగుతో అతని మొహం తుడిచింది.

"ఆవు బతికింది" అన్నాడు దాలయ్య. దూడ మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున ఊళ్ళోకి దిగారు. ఇంటికి పైకప్పు లేదు. వంటగదిలో ఇసక మేట వేసి ఉంది. మడుల గట్లు తెగిపోయి, కాలవేదో మడేదో తెలియడం లేదు. ఉప్పు కుప్ప ఉన్నచోట బురద ఉంది. దాలయ్య వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. ఆ బురద కూడా చప్పగా ఉంది.

అయినా బతికినవాళ్ళు ఊరికే కూర్చోరు కదా. ఆసుపత్రిలో దాలయ్య భుజానికి కట్టు కట్టారు. ప్రభుత్వం బియ్యం పంచింది. చుట్టాలు పాత బట్టలు పంపారు. కప్పు మీద నీలం రంగు పట్టా పరిచారు. నెల తిరిగేసరికి బడి తెరిచారు. అన్నీ మెల్లగా దారిలో పడ్డాయి. వరాలొక్కతే పడలేదు.

చిన్న గాలి వీస్తే చాలు, మంచం కిందికి పోయేది. నీలం పట్టా టపటపమంటే అన్నం వదిలేసేది. నాన్న గుమ్మం దాటితే చొక్కా పట్టుకుని వేలాడేది. బళ్ళో కూర్చుంటే కళ్ళు పుస్తకం మీద, చెవులు కిటికీ మీద. రాత్రి నిద్రపోయేది కాదు, పగలు కునుకు తీసేది.

అప్పుడు వాళ్ళమ్మ దిష్టి తీసింది. ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసింది. అమ్మవారి గుడి నుంచి తాయెత్తు తెచ్చి మెడలో కట్టింది. వరాలు తాయెత్తు గట్టిగా పట్టుకుంది. ఆ సాయంత్రం గాలి వీచింది. తాయెత్తుతో పాటే మంచం కిందికి పోయింది.

ఆ తర్వాత పట్నం నుంచి మేనమామ వచ్చాడు. బిస్కెట్ల పొట్లం చేతిలో పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, "ఇంక తుఫాను రాదే అమ్మలూ. దానికి మీ ఊరి దారి తెలీదు" అన్నాడు.

వరాలు ఆలోచించింది. "మొన్న వచ్చింది కదా మావయ్యా. దారి తెలీకపోడం ఏటి?" అంది.

మేనమామ బిస్కెట్ తినమన్నాడు.

ఆ తర్వాత మేనత్త వచ్చింది. "ఇంత పెద్దపిల్లవి, సిగ్గులేదటే. సూరిగాడు చూడు, వాడికే భయం లేదు" అని నవ్వింది. ఆ రోజు నుంచి వరాలు మంచం కిందికి పోవడం మానేసింది. అత్త మాట పనిచేసిందని అందరూ అనుకున్నారు. కానీ వరాలు చేసిందేమిటంటే, గాలి వీసినప్పుడల్లా పళ్ళు బిగబట్టి, పిడికిళ్ళు బిగబట్టి, కదలకుండా కూర్చునేది. భయం మంచం కింద ఉన్నప్పుడే నయం. ఇప్పుడది కడుపులో చేరింది. అన్నం లోపలికి పోయేది కాదు.

అలా సంక్రాంతి పోయింది. మళ్ళీ ఉప్పు చెయ్యాలంటే మడులు బాగుచెయ్యాలి. కుప్పలు కప్పాలంటే కొత్త తడకలు కావాలి. ఆ ఊళ్ళో తడకలు అల్లేది గున్నమ్మ.

గున్నమ్మ ముసలిది. చెవుడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కొంచెం వినపడేది, లేదంటే పెదాలు చూసి అర్థం చేసుకునేది. ఊరికి ఆ చివర ఒక పాకలో పొద్దంతా తాటాకులు చీలుస్తూ, అల్లుతూ కూర్చునేది. రాత్రి కొడుకింటికి పోయి పడుకునేది.

ఒకరోజు అచ్చియ్యమ్మ తడకలు అయ్యాయేమో కనుక్కురమ్మని వరాలును పంపింది. వరాలు పాకలో అడుగు పెట్టిందో లేదో, గాలి వీచింది. పేర్చి ఉన్న ఆకులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. అంతే. వరాలు ఒక తడక ఎత్తుకుని దాని కింద దూరిపోయింది.

కాసేపటికి గున్నమ్మ తడక ఎత్తి చూసింది.

"ఏటే గుంటా, ఇక్కడున్నావు?"

గున్నమ్మ దాని మొహం చూసింది. బిగిసి ఉన్న పిడికిళ్ళు చూసింది. బయట ఊగుతున్న చెట్ల కొమ్మలు చూసింది. ఇంక ఏమీ అడగలేదు. పక్కన చతికిలబడి తన పని తను చేసుకోసాగింది.

అప్పుడు వరాలు లేచి గున్నమ్మ చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "మామ్మా, తుఫాను మళ్ళీ వస్తాదా?"

"వస్తాది" అంది గున్నమ్మ. "నా చిన్నప్పుడు వచ్చింది. నా పెళ్ళయ్యాక వచ్చింది. మొన్న వచ్చింది. మళ్ళీ వస్తాది. సముద్రం పక్కన ఉన్నోళ్ళకి రాకుండా ఉంటాదేటి?"

చిత్రమేమిటంటే, ఆ మాటకి వరాలు ఏడవలేదు. కడుపులో బిగుసుకున్నదేదో కొంచెం వదులైంది. తను ఇన్నాళ్ళూ అనుకుంటున్న మాటే ఒక పెద్దమనిషి నోట వచ్చింది. తనది పిచ్చి భయం కాదన్నమాట.

"నీకు భయం లేదా మామ్మా?"

"ఎందుకు లేదు? నీకంటే నాకే ఎక్కువ. నీకు చెవులున్నాయి. గాలొచ్చేది, పోయేది నీకు తెలుస్తాది. నాకెలా తెలుస్తాది? గోడ మీద చెయ్యేసి చూసుకోవాల." గున్నమ్మ ఒక ఆకు చీల్చి వరాలు చేతిలో పెట్టింది. "భయం ఉంటాది. ఉండనీ. చేతులు మాత్రం ఊరికే ఉంచకు. ఇదిలా పట్టుకో."

వరాలు పట్టుకుంది. ఒకటి కిందనుంచి, ఒకటి పైనుంచి. ఆకు అంచు తగిలి వేలు గీసుకుంది. అయినా అల్లింది. చీకటి పడేలోగా జానెడు తడక అయింది. వంకరగా ఉంది.

మర్నాడు బడి వదలగానే మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడు కూడా.

అలా వెళ్తుండగా గున్నమ్మ ఒక పని పురమాయించింది. "నాకు గాలి వినపడదు. నువ్వు విని చెప్పు. నేను ఒంటికి తగిలింది చెప్తాను. ఇద్దరం కలిస్తే ఒక గాలి" అంది.

అప్పుడు వరాలు వినడం మొదలుపెట్టింది. ముందు భయంతో వింది. ఆ తర్వాత పనిగా వింది. ఆ తర్వాత, తనకే తెలియకుండా, ఆసక్తిగా వింది.

పొద్దున్నే వీచేది నేల మీంచి సముద్రం మీదికి పోయే గాలి. అది చప్పుడు చెయ్యదు. అందులో పొయ్యిల పొగ వాసన ఉంటుంది. మధ్యాహ్నం వీచేది సముద్రపు గాలి. తాటాకు మట్టల్ని చప్పట్లు కొట్టిస్తుంది. పెదాలు తడుపుకుంటే ఉప్పగా ఉంటుంది. ఎండాకాలంలో పడమటి గాలి వస్తుంది. ఒళ్ళు మండుతుంది, కానీ ఉప్పు చేసేవాళ్ళు దానికోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తారు. వానకు ముందు వచ్చే గాలి దుమ్ము లేపుతుంది, చప్పున చల్లబడుతుంది.

"మరి తుఫాను గాలో?" అని అడిగింది వరాలు ఒకరోజు. తనంతట తనే అడిగింది.

"నువ్వు విన్నావు కదే, నువ్వు చెప్పు" అంది గున్నమ్మ.

వరాలుకు ఆ మధ్యాహ్నం తలుచుకోవాల్సి వచ్చింది. అరచేతులు చల్లబడ్డాయి. గున్నమ్మ ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది, తొందరపెట్టలేదు.

"మిగతా గాలులు కొంచెం వీచి, కొంచెం ఆగుతాయి మామ్మా. ఊపిరి తీసుకుంటాయి. అది తీసుకోదు" అంది వరాలు.

గున్నమ్మ తలూపింది. "అది రోజూ వచ్చేది కాదు. ఊపిరి తీసుకునే గాలులతో మనకి రోజూ కాపురం. వాటిని చూసి దడుచుకుంటే ఎలాగ?"

ఆ రోజు ఇంటికి వెళ్తుంటే దారిలో గాలి వీచింది. వరాలు ఆగింది. విన్నది. అది ఊపిరి తీసుకుంది. వరాలు కూడా ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుని, ఇంటికి పోయి అన్నం తింది.

ఒక్కరోజులో భయం పోయిందనుకోకు కన్నా. పోలేదు. ఒక రోజు నడిచేది, ఒక రోజు మళ్ళీ నాన్న చొక్కా పట్టుకునేది. కానీ చొక్కా పట్టుకునైనా మడుల్లోకి పోయేది. అక్కడ ఊరంతా పనిలో ఉండేది. ముందు మేట తోడారు. ఆ తర్వాత గట్లు కట్టారు. ఆ తర్వాత, ఒక పున్నమి పోటు చూసి, కాలవకి గండి కొట్టి నీళ్ళు వదిలారు. దాలయ్య ఎడమ చెయ్యి భుజం దాటి లేచేది కాదు. ఒంటిచేత్తోనే మట్టి పోసి, కాళ్ళతో తొక్కి చదును చేశాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు మడిలో నీటి మీద పాలమీగడలాంటి పొర కట్టింది. ఎండ మండిన కొద్దీ అది అడుక్కి దిగింది. దాలయ్య వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. వరాలు నాలిక మీద కూడా పెట్టాడు. వరాలు మొహం చిట్లించింది. చాలా ఉప్పగా ఉంది. దాలయ్య నవ్వాడు. తుఫాను తర్వాత అతను నవ్వడం వరాలు చూడ్డం అదే మొదలు.

కుప్ప పెరిగింది. వాన కాలం వచ్చింది, పోయింది. కార్తీకమాసం వచ్చింది. అప్పుడు మళ్ళీ ఆటో వచ్చింది, మళ్ళీ మైకులో చెప్పింది.

ఆ మాట వినగానే వరాలు ఒక్క నిమిషం గోడ పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత సూరిగాడి బట్టలు మూట కట్టింది. ఆ తర్వాత అటుకుల డబ్బా మూత బిగించింది. ఆ తర్వాత వాళ్ళ నాన్న దగ్గరికి పోయి, "ఆవు తాడు ఇప్పీ నాన్నా. కట్టీసి రావొద్దు" అంది. దాలయ్య తాడు విప్పి, ఆవుని దిబ్బ వైపు తోలాడు.

మధ్యాహ్నానికి ఊరంతా మేడెక్కింది. వాన పడుతోంది. గాలి ఇంకా పెద్దది కాలేదు. వరాలు చాపలు పరచడానికి సాయం చేస్తూ మూలమూలా చూసింది. ఇంకోసారి చూసింది. గున్నమ్మ లేదు.

గున్నమ్మ కోడల్ని అడిగింది. "పక్కింటోళ్ళతో ముందే వచ్చింది కదా" అంది కోడలు. పక్కింటివాళ్ళను అడిగింది. "కోడలు తెస్తానంది కదా" అన్నారు వాళ్ళు. గున్నమ్మ కొడుకు పట్నంలో పనికి పోయి ఉన్నాడు.

అంటే గున్నమ్మ పాకలో ఉంది. మైకు ఆమెకి వినపడదు. మధ్యాహ్నం కునుకు తీసే అలవాటు ఆమెకి.

వరాలు నాన్న దగ్గరికి పరిగెత్తింది. చెప్పింది. దాలయ్య లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. గుమ్మం కమ్మీ పట్టుకున్నాడు. వరాలు పక్కనే ఉంది కాబట్టి చూసింది. ఆ చెయ్యి కమ్మీని వదలడం లేదు.

"నాన్నా?"

"నాకూ భయమేనమ్మా" అన్నాడు దాలయ్య, ఎవరికీ వినపడకుండా. "తూములో నీళ్ళు ఇంకా కళ్ళ ముందే ఉంటాయి."

నాన్నకి భయం ఉంటుందని వరాలుకి అప్పటిదాకా తెలీదు. దానికి వెళ్ళొద్దు అనాలని ఉంది. వెళ్ళొద్దంటే నాన్న ఇక్కడే ఉంటాడు. గున్నమ్మ పాకలో ఉంటుంది.

అప్పుడు వరాలు కిటికీ దగ్గరికి పోయి, కళ్ళు మూసుకుని వింది. కొబ్బరాకులు కొట్టుకుంటున్నాయి. ఆగుతున్నాయి. మళ్ళీ కొట్టుకుంటున్నాయి.

తిరిగి వచ్చి, "ఇంకా ఊపిరి తీసుకుంటోంది నాన్నా. టైముంది. ఇప్పుడే ఎళ్ళు" అంది. "తలుపు కొట్టి పిలవకు, మామ్మకి వినపడదు. లోపలికెళ్ళి చెయ్యి పట్టుకో. ఒకేళ దారిలో గాలి పెద్దదైపోతే ఎక్కడున్నోళ్ళు అక్కడే ఉండిపోండి. మధ్యలో ఆగినా నమ్మొద్దు."

దాలయ్య కూతురి మొహం చూశాడు. పక్కనున్న గవరయ్య, బాగా బలమైన మనిషి, "పద దాలయ్యా, నేనూ వస్తాను" అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

అచ్చియ్యమ్మ సూరిగాణ్ణి గుండెకు హత్తుకుని గుమ్మం వైపే చూస్తోంది.

ఏం చెయ్యాలి ఇప్పుడు? వరాలు తన చేతుల వంక చూసుకుంది. ఆ తర్వాత పోయి మంచినీళ్ళ బిందెల మీద మూతలు పెట్టింది. ఆ తర్వాత తలుపు ఊడిపోయిన పాత కిటికీ కింద కూర్చున్న పిల్లల్ని లోపలి గోడ వైపు జరిపింది. ఒక పిల్ల ఏడుస్తోంది. వరాలు దాని అరచెయ్యి తీసి గోడ మీద పెట్టించింది. "గోడ కదుల్తోందా?" అని అడిగింది. "లేదు" అంది ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ. "కదిలితే నాకు చెప్పు. నువ్వు కాపలా" అంది వరాలు. ఆ పిల్ల కాపలా కాయడంలో పడి ఏడుపు మర్చిపోయింది.

అంతలో గాలి మారింది. వరాలు ఎవరికంటే ముందు విన్నది. ఊపిరి తీసుకోవడం మానేసింది గాలి.

మగవాళ్ళు తలుపు రెక్కలు రెండూ దగ్గరికి నెట్టి పట్టుకున్నారు, కానీ గడియ వెయ్యలేదు. అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకుంది. వరాలు గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. తలుపు తెరిచారు. ముందు గవరయ్య, వెనక దాలయ్య. దాలయ్య వీపు మీద గున్నమ్మ. ముగ్గురూ నీళ్ళల్లో ముంచి తీసినట్టున్నారు.

దాలయ్య ఆమెను దింపాడు. గున్నమ్మ తల తుడుచుకుంటూ, అందరికీ వినపడేలా, "తడక సగంలో ఉంది. ముడి కూడా వెయ్యనివ్వలేదు ఈడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చీసినాడు" అంది. చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. అంత గాలిలోనూ మేడంతా నవ్వింది.

దాలయ్య నవ్వలేదు. కింద కూర్చుని, కూతుర్ని దగ్గరికి తీసుకుని, తడిబట్టలతోనే చాలాసేపు అలా ఉండిపోయాడు. అచ్చియ్యమ్మ వచ్చి ఇద్దరి మీదా ఒక పొడి దుప్పటి కప్పింది.

ఆ తర్వాత తుఫాను రావలసినట్టుగా వచ్చింది. గోడలకు కొట్టింది, కప్పుకు కొట్టింది, స్తంభాల మధ్య ఈలలు వేసింది. వరాలు గున్నమ్మ పక్కన కూర్చుని ఆమె అరచేతిలో వేలితో గీస్తూ చెప్పింది. ఇటు నుంచి వస్తోంది. ఇప్పుడు కొంచెం పెరిగింది. ఇప్పుడు ఇంకా పెరిగింది. గున్నమ్మ తలూపుతూ వింది. గాలి చెప్పే పని పెద్దది. పొద్దుట్నుంచీ చేసిన పనులు కూడా ఉన్నాయి. చెప్తూ చెప్తూ వరాలు వేలు నెమ్మదించింది. ఆ తర్వాత ఆగిపోయింది. తల గున్నమ్మ ఒళ్ళోకి వాలింది.

గున్నమ్మ కదల్లేదు. పిల్ల లేస్తుందని కాళ్ళు తిమ్మిరెక్కినా సర్దుకోలేదు. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి వరాలు వీపు మీద పెట్టుకుని కూర్చుంది.

తెల్లవారాక దాలయ్య వచ్చి కూతురి భుజం తట్టాడు. "లేమ్మా. తుఫాను పోయింది."

వరాలు కళ్ళు నులుముకుని లేచింది. "ఎప్పుడు?" అంది.

"నువ్వు నిద్రపోతుంటే పోయింది."

వరాలు కాసేపు నమ్మలేదు. కిటికీ దాకా పోయి చూసింది. నిజంగానే పోయింది.

అందరూ మెట్లు దిగారు. దిబ్బ మీద ఆవు గడ్డి మేస్తోంది. ఇంటి మీద పరిచిన నీలం పట్టా ఎగిరిపోయింది. గట్లు రెండు చోట్ల తెగాయి. ఉప్పు కుప్ప సగం కరిగింది, సగం నిలిచింది. దాలయ్య ఆ సగం చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఆ తర్వాత కుడి చేత్తో పార అందుకున్నాడు. వరాలు మట్టి తట్ట అందుకుని, నాన్న కంటే ముందే తెగిన గట్టు వైపు నడిచింది. దాని వెనకాల, దారంతా రాలి పడిన తాటాకుల మీద, సముద్రపు గాలి కొంచెం వీచింది, కొంచెం ఆగింది.

అంతే కన్నా. ఇంక కళ్ళు మూసుకో.

గాలి కడలికి,
ఉప్పు మడికి,
కథేమో కంచికి,
కన్నులు నిద్దరకి.